ఏసీ రిమోట్ ఎవరి చేతిలో ఉందమ్మాయ్?

ఎండాకాలం రాగానే మన పల్నాడు పేరు టీవీలో మారుమోగుతుంది చెల్లెమ్మా. రెంటచింతలలో ఇయ్యాల ఇన్ని డిగ్రీలు, రేపు ఇన్ని డిగ్రీలు! నలభై అయిదు దాటిందన్నా మనకు ఉలుకుండదు. రోళ్లు పగిలే రోహిణి కార్తెలు చూసిన ప్రాణాలు మనవి. అలాంటి మే నెల మిట్టమధ్యాహ్నం నరసరావుపేటలో ఏదైనా ఏసీ ఆఫీసులోకి వెళ్లి చూడు. కంప్యూటర్ల ముందు కూర్చున్న ఆడవాళ్లలో ఒకావిడ కొంగు రెండు భుజాల చుట్టూ లాగి బొడ్లో దోపుకుని ఉంటుంది. ఒకమ్మాయి చున్నీ మెడకు రెండు చుట్లు చుట్టుకుని కీబోర్డు కొడుతుంటుంది. ఇంకో కుర్చీ వీపున శాలువా వేలాడుతుంటుంది. అది చలికాలంలో మరిచిపోయింది కాదు, ఎండాకాలం కోసమే ఇంటి నుంచి తెచ్చుకున్నది! అదే గదిలోకి బయట తిరిగొచ్చిన సారు చొక్కా గుండీ వదులు చేసుకుంటూ వచ్చి, "ఉక్కగా ఉందయ్యా, ఇంకో రెండు తగ్గించు" అంటాడు. రిమోటు ఆయన సొరుగులోనే ఉంటుంది మరి.

మొన్న నువ్వు ఫోన్ చేసిన దగ్గర్నుంచీ ఈ సంగతే నా బుర్రలో తిరుగుతోంది. "అక్కా, మా ఆఫీసు కొత్త బిల్డింగులోకి మార్చుతున్నారు. అంతా స్మార్టంట. లైట్లు వాటంతట అవే వెలుగుతయ్యంట, ఏసీ దానంతటదే సర్దుకునిద్దంట" అని సంబరంగా చెప్పావు. ఫోన్ పెట్టేసే ముందు మాత్రం గొంతు తగ్గించి, "కిటికీలు తెరుచుకోవంటక్కా" అన్నావు. ఆ ఆఖరి మాట నాకు నచ్చలేదు. అందుకే ఈసారి వంటలూ చీరలూ పక్కన పెట్టి భవనాల ముచ్చట పెట్టుకుందాం. రోజుకు ఎనిమిది తొమ్మిది గంటలు నువ్వుండేది అక్కడేగా. ఇంటికి వాస్తు చూసుకుంటాం, కొలువు చేసే చోటు గురించి మాత్రం ఒక్కళ్లమూ నోరెత్తం!

తెలివైన భవనం అంటే ఇంజినీర్లు చెప్పే అర్థం ఇది. బిల్డింగ్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అని ఓ కంప్యూటరు ఉంటుంది. గదుల్లో పెట్టిన సెన్సర్లు వేడి ఎంత, తేమ ఎంత, మనుషులున్నారా లేరా, గాలి ఎంత పాచిపోయింది అని దానికి ఎప్పటికప్పుడు కబురందిస్తుంటాయి. దాన్నిబట్టి అది ఏసీని, లైట్లను, నీళ్ల పంపులను నడుపుతుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో డెలాయిట్ కంపెనీవాళ్లు కూర్చునే 'ది ఎడ్జ్' అనే భవనం ఈ విద్యలో పేరు మోసింది. పదేళ్ల కిందటే అందులో 28 వేల దాకా సెన్సర్లు పెట్టారు. అక్కడ ఉద్యోగికి సొంత బల్ల ఉండదు, ఇయ్యాల ఎక్కడ కూర్చోవాలో ఫోన్లో యాప్ చెబుతుంది. కానీ నాకు నచ్చింది సెన్సర్ల లెక్క కాదు. తన నెత్తిమీద లైటు ఎంత వెలగాలో, తన చుట్టుపక్కల ఎంత చల్లగా ఉండాలో ఆ ఉద్యోగే ఫోన్లో సర్దుకోవచ్చు. అంటే అక్కడ రిమోటు ఎవరికి వాళ్లదే.

మన దగ్గర 'స్మార్ట్' అనే మాట మరోరకంగా దిగింది. ముందుభాగమంతా నీలం అద్దాలు, గుమ్మం దగ్గర వేలిముద్ర యంత్రం, మూలమూలకూ కెమెరా, గోడలకు నాలుగు స్ప్లిట్ ఏసీలు. పైన పటారం, లోన లొటారం. ఆ అద్దాల లోపల కూర్చునేవాళ్లకు ఎలా ఉంది అని ఎవరూ అడిగిన పాపాన పోలేదు. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే చెల్లీ: లోపల ఉండే మనుషుల్ని అడగని భవనం ఎంత ఖర్చుపెట్టి కట్టినా తెలివితక్కువదే.

అసలు ఆఫీసు ఎంత చల్లగా ఉండాలో ఎవరు తేల్చారంటావ్? దానికో కథ ఉంది. డెన్మార్క్‌కు చెందిన పోవెల్ ఓలె ఫాంగర్ అనే ఇంజినీరు 1960ల్లో ప్రయోగాలు చేసి, మనిషి ఒంట్లో పుట్టే వేడి, వేసుకున్న బట్టలు, గాలి వేగం, తేమ అన్నీ కలిపి ఒక లెక్క కట్టాడు. ప్రపంచమంతా ఏసీ ఆఫీసుల కొలతలు ఆ బాటలోనే నడిచాయి. 2015లో నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ శాస్త్రవేత్తలు ఇద్దరు, బోరిస్ కింగ్మా, వౌటర్ వాన్ మార్కెన్ లిఖ్టెన్‌బెల్ట్, ఈ లెక్కలో ఓ మెలిక పట్టుకున్నారు. ఒంట్లో పుట్టే వేడికి ప్రమాణంగా తీసుకున్నది నలభై ఏళ్లు, డెబ్భై కిలోలున్న మగవాణ్ని! ఆడవాళ్లకు ఆ అంకె వేస్తే ఉన్నదానికంటే 35 శాతం దాకా ఎక్కువ చూపిస్తుందని వాళ్లన్నారు. దీనిమీద ఇంజినీర్లలో వాదులాట జరిగింది, ఫాంగర్ ప్రయోగాల్లో ఆడవాళ్లూ ఉన్నారని, బట్టల తేడానే పెద్దదని కొందరన్నారు. వాళ్ల వాదన వాళ్లది. నీ భుజాల మీది కొంగు సాక్ష్యం నీది.

దూరదేశాల సంగతి ఎందుకు, మనింటి ఆడపడుచే ఈ పని చేసింది. ఇంద్రగంటి మాధవి గారు ఆర్కిటెక్టు, ఆచార్యులు. 2008 ఎండల్లో హైదరాబాద్ అపార్టుమెంట్లలో తిరిగి, ఎవరికి ఎంత వేడి హాయిగా ఉంటుందో అడిగి రాసుకున్నారు. ఏసీ లేని ఆ ఇళ్లలో జనం 29 డిగ్రీల దగ్గర కూడా బాగానే ఉందన్నారు. అప్పటి మన దేశపు ప్రమాణాలేమో 23 నుంచి 26 అని గిరి గీసి కూర్చున్నాయి. తర్వాత ఆవిడ జపాన్, అమెరికా పరిశోధకులతో కలిసి చెన్నై, హైదరాబాద్ ఆఫీసుల మీద పడ్డారు. 28 భవనాలు, 14 నెలలు, 2,787 మంది ఉద్యోగులు. ఒక్కొక్కరి పక్కనే కొలిచే యంత్రం పెట్టి, "ఇప్పుడెలా ఉందండీ మీకు?" అని అడిగి, ఆరువేలకు పైగా జవాబులు పోగేశారు. కిటికీలు తెరుచుకునే ఆఫీసుల్లో 28 డిగ్రీలు, ఏసీ ఆఫీసుల్లో 26.4 డిగ్రీలు సగటున హాయిగా ఉన్నాయని తేలింది. ఆడవాళ్లకు మగవాళ్లకంటే కాస్త ఎక్కువ వెచ్చదనమే సుఖంగా ఉందని కూడా ఆ జవాబుల్లోనే బయటపడింది. ఇరవై ఒకటిలో పెట్టి వణికించే సారుకు ఈ అంకెలు చూపించు.

ఇందులో నాకు భలే ఇష్టమైన ముక్క ఇంకోటుంది. మాధవి గారూ కాలిఫోర్నియాలోని బర్కిలీ పరిశోధకులూ కలిసి, మనిషిలాగా వేడి పుట్టించే ఓ బొమ్మకు చీర కట్టారు. కొంగు విడిచి ఒకసారి, భుజాల చుట్టూ కప్పి ఒకసారి, నడుముకు చుట్టి ఒకసారి, ఇలా రకరకాలుగా కట్టి ఏ కట్టుకు ఒంటికి ఎంత వెచ్చదనం దక్కుతుందో కొలిచారు. చీర అదే, జాకెట్టు అదే, కట్టు మారితే వెచ్చదనం బోలెడంత మారిపోతోంది! మన అమ్మమ్మలు పొయ్యి దగ్గర కొంగు బిగించేదీ, తెల్లారుజామున కళ్లాపి చల్లేటప్పుడు నిండా కప్పుకునేదీ ఊరికే కాదు. ప్యాంటూ చొక్కాకు ఈ వెసులుబాటు లేదు. అలాగని ఎండాకాలం అంతా నువ్వే సర్దుకోవాలని కాదు సుమా. చీరకున్న పాటి తెలివి ఆ భవనానికీ ఉండాలని నేననేది.

మరి మధ్యేమార్గం లేదా? ఉంది, చవకైనదే. 2020 జనవరి 1 నుంచి మన దేశంలో స్టార్ గుర్తుతో అమ్మే గది ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 దగ్గర నిలబడాలని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియన్సీ నియమం పెట్టింది. ఒక్కో డిగ్రీ పెంచితే ఆరు శాతం దాకా కరెంటు మిగులుతుందని కూడా వాళ్లే చెబుతారు. ఇంకాస్త పెంచి 26 దగ్గర పెట్టి, సీలింగ్ ఫ్యాను మెల్లగా తిప్పితే, ఆ గాలి తగిలినవాళ్లకు రెండు మూడు డిగ్రీలు తగ్గినట్టే ఉంటుంది. ఫ్యాను కింద సారును కూర్చోబెట్టు, ఫ్యానుకు ఎడంగా నువ్వు కూర్చో. ఇద్దరికీ తగవు తీరిపోతుంది. కొత్త ఆఫీసులు చేసేవాళ్లు ఫాల్స్ సీలింగ్ వేసి ఫ్యాన్లు పీకేస్తుంటారు చూడు, అక్కడే మొదటి తప్పు జరుగుతుంది.

ఇక రెండో తప్పు అద్దాలది. ఎండ అద్దంలోంచి సులువుగా లోపలికి దూరుతుంది. లోపల బల్లలూ బీరువాలూ వేడెక్కాక, వాటి సెగ మాత్రం అదే అద్దంలోంచి తేలిగ్గా బయటికి పోదు. ఇక ఏసీ రోజంతా ఆ ఎండతోనే కుస్తీ పడుతుంది. మన పల్నాడులో మే నెల మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు, అప్పుడు గోడల కంటే కప్పుకే దెబ్బ ఎక్కువ. పొద్దు వాలాక మాత్రం పడమటి గోడ పట్టుకుంటాడు. ఏటవాలుగా వచ్చే ఆ ఎండకు సన్‌షేడ్ అడ్డం రాదు. కాబట్టి తెలివైన ప్లానులో మెట్లు, స్టోరు రూము, బాత్‌రూములు పడమట వేసి, మనుషులు కూర్చునే హాలుకు ఉత్తరం, దక్షిణం కిటికీలు పెడతారు. దీనికి సెన్సరు అక్కర్లేదు, పెన్సిలు చాలు. కానీ మన దగ్గర రోడ్డు ఎటుంటే అద్దాలు అటే! రోడ్డు పడమటైతే సాయంత్రం నాలుగింటికి ముందు వరస కుర్చీలు ఖాళీ అవుతాయి, లేకపోతే అద్దాలకు న్యూస్‌పేపర్లు అంటించుకుంటారు.

ఇలాంటి ఎండకు ఎలా కట్టాలో తెలియని నేలా మనది? మాచర్ల, దాచేపల్లి వైపు క్వారీల్లో నాపరాయి తీస్తాం. పాత ఇళ్లకు గోడలూ అదే, కింద పరిచే బండలూ అదే. మే నెలలో అన్నం తిన్నాక దిండు కూడా లేకుండా ఆ బండల మీద వాలినవాళ్లకు చలువంటే ఏమిటో వేరే చెప్పాలా! ఈ పల్నాటి సున్నపురాయి మీదే నాగార్జునకొండ శిల్పాలు చెక్కారు, అమరావతి స్తూపానికీ ఇదే రాయి వాడారు. పిడుగురాళ్ల సంగతి సరేసరి, సున్నపు బట్టీలకే పేరు. ఊళ్లకు ఊళ్లు సున్నం ఎగుమతి చేసే మనం, మన ఆఫీసుల డాబాలను మాత్రం నల్లగా, బూజుపట్టి వదిలేస్తాం. ఆఖరి అంతస్తులో కూర్చునేవాళ్లనడుగు, సాయంత్రం అయిదు దాటాక కూడా కప్పులోంచి సెగ దిగుతూనే ఉంటుంది. పగలంతా తాగిన ఎండను స్లాబు అప్పుడు కక్కుతుంది.

తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ పాలసీ అని ఒకటి తెచ్చింది. కొత్తగా కట్టే ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, 600 గజాలు దాటిన స్థలాల్లో ఇళ్లకు ఎండను తిప్పికొట్టే కప్పు ఉండాలన్నారు. తెల్ల టైల్సు వేయొచ్చు, ప్రత్యేకమైన పెయింటు వేయొచ్చు, చివరికి మామూలు సున్నం పూత కూడా పనిచేస్తుంది. జిగురు కలిపిన సున్నం రెండు పూతలు ఉగాదికి ముందే వేయిస్తే, కింద గదిలో రెండు డిగ్రీలైనా తగ్గుతుంది, ఒక్కోచోట అంతకంటే ఎక్కువే. వానలకు పోతుంది కాబట్టి మళ్లీ ఏడు మళ్లీ వేయాలి. రెంటచింతల పక్కన పిడుగురాళ్లను పెట్టిన దేవుడు జబ్బూ మందూ ఒకే జిల్లాలో ఇచ్చాడనిపిస్తుంది నాకు.

చట్టం లేదా అంటావేమో. ఉంది. భవనాలు కరెంటు దుబారా చేయకుండా ఎలా కట్టాలో చెప్పే ఎనర్జీ కన్జర్వేషన్ బిల్డింగ్ కోడ్‌ను ఉమ్మడి రాష్ట్రంలోనే, 2014 జనవరిలో తప్పనిసరి చేశారు. వెయ్యి చదరపు మీటర్ల స్థలం గానీ, రెండు వేల చదరపు మీటర్ల కట్టడం గానీ ఉన్న వాణిజ్య భవనాలకు అది వర్తిస్తుంది. మన నరసరావుపేటలో, మాచర్లలో, గురజాలలో చాలా ఆఫీసులు కింద షాపు, పైన రెండు అంతస్తులు బాపతు. అవి ఈ గీత కిందికే వస్తాయి కాబట్టి అడిగే నాథుడు ఉండడు. అక్కడ చట్టం బదులు యజమాని ఇంగితం పనిచేయాలి, లేకపోతే అద్దెకు దిగేవాళ్ల నోరు పనిచేయాలి.

మంచి పని జరిగిన చోటుకు కూడా తీసుకెళ్తా, పద. హైదరాబాద్ పక్కన పోచారంలో ఇన్ఫోసిస్ వాళ్లు ఒక భవనం కట్టి దాన్ని నిలువునా రెండు భాగాలు చేశారు. రెండు వైపులా గోడలూ కిటికీలూ ఒకే తీరు, రెండు వైపులా ఉద్యోగులూ ఒకే పని. ఒక సగానికి మామూలుగా చల్లగాలి ఊదే ఏసీ, అది కూడా బాగా పొదుపుగా నడిచేదే పెట్టారు. రెండో సగంలో స్లాబు లోపలే సన్నటి పైపులు పరిచి, వాటిలో చల్లటి నీళ్లు తిప్పారు. కప్పు చల్లబడితే, కింద కూర్చున్న మనిషి ఒంటివేడిని ఆ కప్పే లాగేసుకుంటుంది. ముఖం మీద గాలి ఊదే పని లేదు, పీల్చుకోవడానికి తేమ తీసిన తాజా గాలి మాత్రం విడిగా పంపుతారు. రెండు సగాలకూ విడివిడిగా మీటర్లు పెట్టి చూస్తే, నీళ్ల పైపులున్న వైపు కరెంటు మూడో వంతు తక్కువ కాలింది. ఖర్చు ఎక్కువైందా అంటే అదీ లేదు.

ఆ లెక్కతోనే వాళ్లు ఆగలేదు చెల్లీ. అక్కడ కూర్చున్నవాళ్లనూ అడిగారు, నీకు సుఖంగా ఉందా అని. పైపుల వైపు వాళ్లే ఎక్కువ తృప్తిగా ఉన్నామన్నారు. మెడ మీద చలిగాలి కొట్టడం లేదు కదా మరి! నాపరాయి బండ మీద పడుకున్నప్పుడు కిందనుంచి అందే చలువ అక్కడ నెత్తిమీద నుంచి అందుతుంది. మన పాత ఇంటి సుఖాన్నే వాళ్లు తలకిందులు చేసి వాడుకున్నారు.

హైటెక్ సిటీ దగ్గర సీఐఐ వాళ్ల గ్రీన్ బిజినెస్ సెంటర్ ఇంకా పాతది. 2004 జులై 14న అబ్దుల్ కలాం గారు ప్రారంభించారు. గ్రీన్ భవనాలకు అమెరికా వాళ్లిచ్చే లీడ్ రేటింగ్‌లో పెద్దదైన ప్లాటినం, ఆ దేశం బయట మొదట అందుకుంది ఇదే. గుండ్రటి భవనం, మధ్యలో ఆకాశానికి తెరిచిన పెద్ద వాకిలి. మన మండువా ఇళ్లు చూసినవాళ్లకు ఆ వాకిలి కొత్తేమీ కాదు. రెండు విండ్ టవర్లున్నాయి. పైనుంచి దిగే గాలికి నీటి తడి తగిలించి, కాస్త చల్లబడ్డాకే ఏసీ యంత్రానికి అందిస్తారు. దాంతో యంత్రానికి పని తగ్గుతుంది. కిటికీలకు జాలీలు, కప్పు మీద చాలాభాగం పచ్చిక, వాడిన నీళ్లు మొక్కల వేళ్ల గుండా పోయి శుభ్రమై తోటకు చేరతాయి. పగటిపూట పని చేసుకోవడానికి దాదాపు అన్ని బల్లలకూ సూర్యుడి వెలుతురే చాలు. పల్నాడు గాలి ఎండాకాలంలో పొడిగా ఉంటుంది కనుక, తడి తగిలించి చల్లార్చే ఈ ఉపాయం మనకు మరీ బాగా పనికొస్తుంది. కిటికీకి వట్టివేళ్ల తడికె కట్టి నీళ్లు చిలకరించే తరం ఇంకా మనింట్లోనే ఉంది, అడుగు చెబుతుంది.

ఇప్పుడు నీ ఆఖరి మాట దగ్గరికి వద్దాం. కిటికీలు తెరుచుకోవన్నావే, అది చలికంటే పెద్ద సంగతి. చాలామందికి తెలియనిది ఒకటి చెబుతా విను. గోడకు తగిలించే స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు. గదిలో ఉన్న గాలినే లాక్కుని, చల్లార్చి, మళ్లీ గదిలోకే వదులుతుంది. అంటే పది మంది వదిలిన ఊపిరినే ఆ పది మందీ మళ్లీ పీలుస్తుంటారు. బయట గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్లలో 420 దాకా ఉంటే, మూసిన గదిలో గంటల్లో వెయ్యి దాటిపోతుంది. హార్వర్డ్‌లో జోసెఫ్ అలెన్ బృందం దీని ప్రభావాన్ని 24 మంది ఉద్యోగుల మీద పరీక్షించి, 2015లో ఫలితాలు బయటపెట్టింది. గాలి శుభ్రంగా ఉన్న రోజుతో పోలిస్తే, ఆ అంకె 1,400 దాకా పెరిగిన రోజున వాళ్లు ఆలోచించి నిర్ణయం తీసుకునే పరీక్షలో మార్కులు సగానికి పడిపోయాయి. మధ్యాహ్నం మూడింటికి నీ కళ్లు వాలిపోతుంటే, "రాత్రి సీరియళ్లు చూసుంటావ్" అని సారు ఎకసెక్కెం ఆడతాడు గానీ, తప్పు నీది కాకపోవచ్చు. పెరుగన్నానిది కూడా కాకపోవచ్చు.

కాబట్టి నిజంగా తెలివైన భవనమైతే, గాలిని కొలిచే సెన్సరు మొదట పెట్టాలి. అంకె పెరిగితే బయటి గాలి దానంతటదే లోపలికి రావాలి. అంత స్తోమత లేకపోతే, తెరుచుకునే కిటికీ ఒకటి, ఎగ్జాస్ట్ ఫ్యాను ఒకటి, భోజనాలప్పుడు పావుగంట అన్నీ బార్లా తెరిచే అలవాటు ఒకటి, ఈ మూడూ చాలు.

సెన్సర్ల గురించి ఒక నవ్వులాట, ఒక హెచ్చరిక. నాకు తెలిసిన ఒకమ్మాయి ఆఫీసులో బాత్‌రూము లైటుకు కదలికను పసిగట్టే సెన్సరు పెట్టారు. కదలకుండా ఉంటే లోపల ఎవరూ లేరనుకుని ఆర్పేస్తుంది. పాపం ఆ పిల్ల చీకట్లో కూర్చుని చేతులూపుతుంటే, బయట నిలబడ్డ వాళ్లు నవ్వు ఆపుకోలేక చచ్చారట! పెట్టిన మేధావి ఎప్పుడైనా లోపల కూర్చుని చూశాడా అని. ఇక హెచ్చరిక ఏమిటంటే, మనిషి ఉన్నాడా లేడా అని చూసే యంత్రం, ఎంతసేపు లేడో కూడా రాసిపెట్టుకోగలదు. 2016 జనవరిలో లండన్ డైలీ టెలిగ్రాఫ్ పత్రికలో ఉద్యోగులు పొద్దున్నే వచ్చేసరికి బల్లల కింద చిన్న పెట్టెలు కనిపించాయి. ఏమిటా అని ఆరా తీస్తే, కుర్చీలో మనిషి ఉన్నాడో లేదో పసిగట్టే యంత్రాలని తేలింది. కరెంటు పొదుపు కోసమంది యాజమాన్యం. విలేకరులు ఊరుకుంటారా? గొడవ చేశారు, సాయంత్రానికల్లా పీకేశారు. నీ ఆఫీసులో సెన్సరు పెడితే వద్దనకు, కానీ అది ఏం చూస్తుంది, ఎవరికి చెబుతుంది, ఎన్నాళ్లు దాచుకుంటుంది అని అడుగు. నెలసరి రోజుల్లో నాలుగుసార్లు లేచి వెళ్తే ఆ లెక్క ఎవరి టేబులు మీదికి పోతుందో తెలుసుకునే హక్కు నీకుంది.

ఇంకో ముఖ్యమైనది, ఎవరు ఎక్కడ కూర్చుంటారు. ఏ ఆఫీసు ప్లాను తీసినా కిటికీల పక్కనంతా క్యాబిన్లే. గోడలెత్తిన ఆ క్యాబిన్లలో వెలుతురంతా ఆగిపోతుంది. మధ్య హాలులో కూర్చునే గుమాస్తాలకు, కంప్యూటర్ ఆపరేటర్లకు పట్టపగలు ట్యూబులైటే గతి. సగంరోజు బయట తిరిగే అధికారికి కిటికీ, రోజంతా కదలని మనిషికి చీకటి! అన్ని కులాలనూ ఒక్క చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టిన బ్రహ్మనాయుడి సీమ మనది. కిటికీ వెలుతురు దగ్గర మాత్రం ఈ పంక్తిభేదమెందుకు? క్యాబిన్లు లోపలికి జరిపి, వాటికి అద్దం గోడలు పెట్టి, కిటికీ పక్కన హాలు వదిలితే అందరికీ వెలుగొస్తుంది. అద్దం వాడాల్సిన చోటు అదీ.

మనకు మాత్రమే తెలిసిన కొన్ని ఉంటాయి, మగ ఇంజినీరుకు తట్టనివి. బాత్‌రూము కారిడార్ చివర, మెట్ల కింద చీకటి మూలన ఉండకూడదు. అందులో బ్యాగు తగిలించుకునే కొక్కెం, మూతున్న చెత్తబుట్ట, ఎప్పుడూ నీళ్లు ఉండాలి. సాయంత్రం ఆలస్యమైతే బండి పెట్టిన చోటికి నడిచే దారిలో లైటు ఉండాలి. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లకు ర్యాంపు ఉండాలి, అది బండి కూడా ఎక్కలేని నిట్టనిలువు ర్యాంపు కాకూడదు. యాభై మంది, ఆపైన పనిచేసే చోట పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చని 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించి మరీ పెట్టారు. కొత్త భవనం ప్లానులో ఆ గది ఎక్కడుందో చూపించమను. లేకపోతే గీయమను. గీతకు ఖర్చేముంది? గోడ లేచాకే ఖర్చు.

2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా అయింది, మన పేట జిల్లా కేంద్రమైంది. ఉన్న భవనాల్లోనే సర్దుకున్న ఆఫీసులు ఎన్నో. ముందు ముందు కొత్తవి కట్టుకోవాలి. బ్యాంకులు, ఆసుపత్రులు, కాలేజీలు రోజుకొకటి లేస్తున్నాయి. ఊరూరా గ్రామ సచివాలయాల్లో ఆడపిల్లలు ఎంతమంది కొలువు చేస్తున్నారో నీకు తెలుసు. ఆ భవనాలు ఎలా ఉండాలో మనం ఇప్పుడు మాట్లాడకపోతే, ఇంకో యాభై ఏళ్లు వేరేవాళ్లు తేల్చిన చోట కూర్చుంటాం. గురజాల కొలువులో నాయకురాలు నాగమ్మ మంత్రాంగం నడిపిన గడ్డ మీద పుట్టి, ఏసీ తగ్గించమని అడగడానికి మొహమాటమెందుకమ్మా!

అడగందే అమ్మైనా అన్నం పెట్టదు. నువ్వొక్కదానివే అడిగితే "ఈవిడకు చలి" అని కొట్టిపారేస్తారు. నలుగురు కలిసి ఓ కాగితం రాయండి. గోడకు ఇరవై ముప్ఫై రూపాయల థర్మామీటరు తగిలించకండి, కాస్త నమ్మకమైనది తగిలించి, పది రోజులు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం అంకె రాసి, ఎవరికెలా ఉందో పక్కన టిక్కు పెట్టండి. మాధవి గారు చేసిందీ అదే కదా. ఆ కాగితం చూపించి, 26 దగ్గర పెట్టి ఫ్యాన్లు ఉంచమనండి. కొత్త భవనానికి మూడు ప్రశ్నలు వేయండి: తాజా గాలి ఎటునుంచి వస్తుంది? డాబాకు తెల్ల పూత ఉందా? పడమటి అద్దానికి అడ్డం ఏం పెడుతున్నారు? ఇంజినీరు నీళ్లు నమిలితే, స్లాబు పోయకముందే ఇంకోసారి కూర్చోమనండి. కరెంటు బిల్లు తగ్గుతుందన్న మాట ముందు చెప్పండి, మీ సుఖం సంగతి తర్వాత. బిల్లు మాట వింటే ఎంతటి యజమానైనా చెవి ఒగ్గుతాడు.

మీ ఆఫీసుల్లో ఏం జరిగిందో, ఎవరు విన్నారో, ఎవరు వెక్కిరించారో నాకు రాయండి అమ్మాయిలూ. వెక్కిరించినవాళ్ల ఊరూ పేరూ వద్దు, ఏ జవాబుతో వాళ్ల నోరు మూయించారో మాత్రం వివరంగా రాయండి. పది మందికీ పనికొస్తుంది.